గాజు గొట్టం చెప్పగలిగేది, చెప్పలేనిది

మా నాన్నగారి పెద్దపేగులో ఒక పెద్ద పాలిప్ (లోపలి పొర మీద పెరిగిన కండ) ఉందని తేలిన తర్వాత, దాన్ని కొలనోస్కోపీ ద్వారా తొలగించడానికి రోజు ఖాయం చేశారు. ఆ ఉదయం ఆసుపత్రిలో చేర్చుకునే గదిలో సిబ్బంది ఒకరు ఆయన రక్తపరీక్షల కాగితం చూసి, ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టే సమయం) 12.4 సెకన్లు, దాని నుంచి లెక్కగట్టే ఐఎన్‌ఆర్ 1.1 అని చదివి, రక్తం మామూలుగానే గడ్డకడుతోందని, భయపడవలసింది ఏమీ లేదని చెప్పారు. మా మనసు కుదుటపడింది. కాసేపటికి ప్రొసీజర్ చేయవలసిన డాక్టరుగారు వచ్చి, కాగితం చేతిలోకి తీసుకోకుండానే, "పొద్దున మాత్రలు ఏమైనా వేసుకున్నారా?" అని అడిగారు. నాన్నగారు ఉన్నదున్నట్టు చెప్పారు. గుండె లయ తప్పినందుకు, రక్తం గడ్డలు కట్టకుండా ఏడాదిగా వాడుతున్న అపిక్సబాన్ మాత్రను ఎప్పటిలాగే ఆరు గంటలకు వేసుకున్నారు; ఆపమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు ఆ రోజుకు ప్రొసీజర్ వాయిదా వేశారు.

ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. రిపోర్టు బాగుందని ఒకరు అంటుంటే, రక్తస్రావం కావచ్చని ఇంకొకరు ఎలా అంటారన్నది నా ప్రశ్న. ఇద్దరిలో ఒకరు పొరబడి ఉండాలి కదా అనుకున్నాను. తర్వాత కొన్ని నెలలపాటు ఈ విషయం చదివి, తెలిసిన వైద్యులను అడిగి, నేను చేరుకున్న అభిప్రాయం ఇది: రక్తాన్ని పలచబరిచే మందులు వాడే మనిషికి ఏ కోత పెట్టాలన్నా, లాబొరేటరీ ఇచ్చే అంకె కంటే ముందు ఆ మందు కథ తెలియాలి. ఏ మందు, ఎందుకు, చివరి మోతాదు ఎప్పుడు, మళ్ళీ మొదలుపెట్టేది ఎప్పుడు. ఈ నాలుగింటిలో ఒక్కటి తెలియకపోయినా, ఎంత చక్కటి రిపోర్టయినా మనల్ని తప్పుదారి పట్టించగలదు.

ముందుగా ఆ అంకె ఎలా పుడుతుందో చెప్పాలి. మోచేతి దగ్గర తీసిన రక్తాన్ని నీలి మూత ఉన్న గొట్టంలో పోస్తారు. అందులో 3.2 శాతం సోడియం సిట్రేట్ ముందే ఉంటుంది. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్నది లెక్క. గడ్డకట్టడానికి తప్పనిసరిగా కావలసిన కాల్షియాన్ని సిట్రేట్ పట్టి ఉంచుతుంది కనుక రక్తం గొట్టంలో ద్రవంగానే ఉండిపోతుంది. తర్వాత కణాలను వేరుచేసి, మిగిలిన ప్లాస్మాకు థ్రాంబోప్లాస్టిన్ అనే పదార్థాన్ని, దానితోపాటు కాల్షియాన్ని కలిపి, గడ్డ ఏర్పడేందుకు ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. 1935లో అమెరికా వైద్యుడు ఆర్మండ్ క్విక్ వర్ణించిన ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్ష ఇదే. సాధారణంగా 11 నుంచి 13 సెకన్ల చుట్టూ వస్తుంది. గొట్టం సగమే నిండితే సిట్రేట్ పాలు ఎక్కువై, ఏ జబ్బూ లేని మనిషికి కూడా సమయం పొడుగ్గా వస్తుంది. అందుకే ఊహించని అంకె వచ్చినప్పుడు మొదట చేయవలసిన పని రక్తం మళ్ళీ తీయించడం. ఇంత చిన్న విషయం తెలియక ఎంతమంది అనవసరంగా బెంగపడి ఉంటారో.

థ్రాంబోప్లాస్టిన్ ఒక్కో తయారీలో ఒక్కో తీరుగా ఉండడం వల్ల, ఒకే మనిషి రక్తానికి రెండు లాబొరేటరీల్లో రెండు రకాల అంకెలు వచ్చేవి. ఈ తేడాను సరిచేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ అనే లెక్కను ఆమోదించింది. అయితే ఆ లెక్కను కట్టింది రక్తం గడ్డకట్టకుండా చూసే పాత మందు వార్ఫరిన్, దాని వంటి మందులు వాడేవారి కోసమే. వార్ఫరిన్ వాడేవారిలో ఎక్కువమందికి ఐఎన్‌ఆర్ 2కూ 3కూ మధ్య ఉండాలి. కొన్ని కృత్రిమ కవాటాలు ఉన్నవారికి ఇంకొంచెం పైన ఉండాలి. ఆ పనికి ఐఎన్‌ఆర్‌ను మించిన సాధనం లేదు. చిక్కల్లా, ఒక మందు కోసం తయారైన కొలబద్దతో అన్ని మందులనూ కొలవబోవడంలోనే వచ్చింది.

అపిక్సబాన్ పనిచేసే చోటు వేరు. గడ్డకట్టే ప్రక్రియలో వరుసగా పనిచేసే ప్రొటీన్లను కారకాలు అంటారు; వాటిలో పదో కారకాన్ని అది నేరుగా అడ్డుకుంటుంది. మాత్ర వేసుకున్న మూడు నాలుగు గంటలకు దాని ప్రభావం పతాకస్థాయికి చేరుతుంది, అయినా ప్రోత్రాంబిన్ టైమ్ దాదాపు కదలకపోవచ్చు. అంటే మా నాన్నగారి రిపోర్టులోని 1.1 అన్న అంకె అబద్ధం కాదు. అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు, అంతే. ఆ మందు ఒంట్లో ఎంత ఉందో నిజంగా తెలుసుకోవాలంటే దానికి ప్రత్యేకంగా సరిచూసిన యాంటీ-టెన్-ఏ అనే పరీక్ష కావాలి. డాబిగాట్రాన్ అనే మరో మందు అడ్డుకునేది త్రాంబిన్ అనే వేరే కారకాన్ని కాబట్టి దానికి త్రాంబిన్ టైమ్ ఉపయోగపడుతుంది. ఆ సమయం మామూలుగా ఉంటే లెక్కలోకి వచ్చేంత మందు రక్తంలో లేదని నమ్మవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి మరీ చిత్రం. అవి దెబ్బతీసేది ప్లేట్‌లెట్ల, అంటే గాయం దగ్గర అంటుకుని రక్తాన్ని ఆపే చిన్న కణాల పనితీరును. ప్లేట్‌లెట్ల సంఖ్య మైక్రోలీటరుకు రెండున్నర లక్షలు ఉన్నా, ఆ కణాలు ఒకదానికొకటి అంటుకోలేని స్థితిలో ఉండవచ్చు. ప్రోత్రాంబిన్ టైమ్ గానీ, గడ్డకట్టే సమయాన్ని ఇంకో దారిలో కొలిచే ఏపీటీటీ అనే పరీక్ష గానీ, ప్లేట్‌లెట్ల లెక్క గానీ ఆ సంగతిని బయటపెట్టవు.

"రక్తం పలచబడే మందు" అన్న మన మాటకు కూడా ఇందులో కొంత పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది. ఈ మందులు వేసుకుంటే రక్తం నీళ్ళలా పలచనేమీ కాదు. దాని చిక్కదనం ఎప్పటిలాగే ఉంటుంది, గడ్డకట్టే వరుసలో ఒక మెట్టు మాత్రమే ఆగిపోతుంది. ఏ మెట్టు ఆగుతుందన్నది ఒక్కో మందుకు ఒక్కో తీరు. పలచన అనగానే మనసులో ఒకే కొలత మెదులుతుంది. పాలలో ఎన్ని నీళ్ళున్నాయో చూసినట్టు ఒక్క పరీక్షతో తేలిపోతుందని అనుకుంటాం. వాడుకలో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చమనడం లేదు, నేనూ అదే వాడుతున్నాను. కానీ ఆ మాట వినిపించిన ప్రతిసారీ "ఏ మందు?" అని అడగడం అలవాటు కావాలి.

గొట్టంలోని రక్తానికీ ఒంట్లోని రక్తానికీ ఎంత దూరముందో చెప్పడానికి జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగి కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. శస్త్రచికిత్సకు ముందు చేసిన మామూలు పరీక్షలో ఆయన రక్తం గొట్టంలో ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. అయినా ఆయనకు అంతకుముందు ఎన్నడూ అతిగా రక్తం పోయిన దాఖలా లేదు. అమెరికా వైద్యుడు ఆస్కార్ రాట్నాఫ్ దీన్ని పరిశీలించి, ఆయనలో అప్పటివరకు ఎవరికీ తెలియని ఒక కారకం లోపించిందని 1955లో ప్రకటించారు. ఇప్పుడు పన్నెండో కారకం అంటున్నది దాన్నే. హేగ్‌మన్ పేరుతోనూ దాన్ని పిలుస్తారు. అది లేకపోతే ఏపీటీటీ ఎంతగానో పెరుగుతుంది, రక్తస్రావం మాత్రం జరగదు. గొట్టంలో రక్తం గడ్డకట్టని ఆ మనిషి 1968లో, ఒక ప్రమాదంలో ఎముక విరిగి మంచం పట్టిన తర్వాత, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి చనిపోయారు. కొందరి రక్తంలో పుట్టే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ కూడా ఇలాంటిదే. గొట్టంలో అది ఏపీటీటీని పొడిగిస్తుంది, మనిషిలో గడ్డలు పుట్టిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితీ ఉంది. రక్తం సులువుగా ఆగని వాన్ విల్లిబ్రాండ్ అనే వ్యాధి స్వల్పంగా ఉన్నవారికి ప్రోత్రాంబిన్ టైమ్, ఏపీటీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య మూడూ మామూలుగా ఉండవచ్చు. పన్ను పీకించుకున్నప్పుడు రాత్రంతా రక్తం కారిందా, కాన్పు తర్వాత రక్తం ఎక్కించవలసి వచ్చిందా, నెలసరిలో అతిగా రక్తం పోతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఓపికగా అడిగితేనే ఆ జబ్బు జాడ దొరుకుతుంది. బ్రిటన్‌లో రక్తవ్యాధుల నిపుణులు 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, శస్త్రచికిత్సకు వచ్చిన అందరికీ గుడ్డిగా ఈ పరీక్షలు చేయడం కంటే రక్తస్రావ చరిత్ర అడగడమే మేలన్నాయి. ఐదు నిమిషాల సంభాషణకు ఉన్న విలువను ఒక కాగితం ముక్కకు కట్టబెట్టేశామని నా బాధ.

వార్ఫరిన్ విషయంలో మాత్రం పరీక్షకు దక్కవలసిన గౌరవం దానికి దక్కాలి. ఆ మందు చరిత్రే ఒక కోతతో మొదలైంది. 1920ల్లో కెనడాలోనూ ఉత్తర అమెరికా మైదానాల్లోనూ పాడైపోయిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి మేసిన పశువులకు కొమ్ములు కోస్తే రక్తం ఆగక చనిపోయేవి. 1933లో ఒక రైతు గడ్డకట్టని రక్తాన్ని పాల క్యానులో పోసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ దగ్గరకు తెచ్చాడు. ఆ ప్రయోగశాలలో గడ్డి నుంచి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్ అనే పదార్థం బయటపడింది. దాని వరుసలోనే పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషులకు మందు అయింది. అది అప్పటికే రక్తంలో ఉన్న కారకాలను ముట్టుకోదు, కాలేయం కొత్తవి సరిగా తయారుచేయకుండా విటమిన్ కె దారిని మూసేస్తుంది. ఏడో కారకం ఆరు గంటలకే సగమైపోతుంది. ప్రోత్రాంబిన్ అనే కారకానికి మాత్రం రెండు రోజుల పైనే పడుతుంది. అందుకే ఆ మందు పని మొదలుపెట్టడానికీ రోజులు కావాలి, ఆపిన తర్వాత దాని ప్రభావం పోవడానికీ రోజులు కావాలి. పెద్ద శస్త్రచికిత్సకు ఐదు రోజుల ముందు ఆపమనడంలోని అంతరార్థం ఇదే. ముందురోజు ఐఎన్‌ఆర్ చూసుకుని 1.5 కంటే తక్కువగా ఉందని నిర్ధారించుకోవడం నిజంగా పనికొచ్చే పరీక్ష. మందేదో తెలిసి, ప్రశ్నేదో తెలిసి చేస్తున్న పరీక్ష అది.

కొత్త మందుల విషయంలో ఆ స్థానం గడియారానిది. 2019లో వెలువడిన పాజ్ అనే అధ్యయనంలో అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ వాడుతున్న 3,007 మందికి గడ్డకట్టే పరీక్షలతో నిమిత్తం లేకుండా ఒక సాదా నియమం పాటించారు. రక్తస్రావం తక్కువగా జరిగే ప్రొసీజరైతే ముందు ఒక రోజు, ఎక్కువగా జరిగేదైతే రెండు రోజులు మందు ఆపారు. డాబిగాట్రాన్ వాడేవారిలో మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఇంకా ముందుగా ఆపారు. అపిక్సబాన్ వాడినవారిలో పెద్ద రక్తస్రావం 1.35 శాతం మందికి, గడ్డల వల్ల పక్షవాతం వంటివి 0.16 శాతం మందికి వచ్చాయి. డాబిగాట్రాన్‌లో సుమారు 80 శాతం మూత్రపిండాల గుండానే బయటకు పోతుంది. కాబట్టి ఈ మందులు వాడే పెద్దవయసు మనిషికి ప్రొసీజర్ ముందు అన్నిటికంటే పనికొచ్చే రక్తపరీక్ష, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ కావచ్చు. దాన్ని చూసి మందు ఎన్నాళ్ళకు ఒంటిని వదులుతుందో అంచనా వేస్తారు. మా నాన్నగారి కాగితంలో క్రియాటినిన్ కూడా ఉంది. ఆ ఉదయం దాన్ని ఎవరూ పైకి చదవలేదు. వెన్నులో సూది వేసి మత్తు ఇచ్చేటప్పుడైతే నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి. వెన్నుపాము పక్కన కొద్దిగా రక్తం చేరినా కాళ్ళు చచ్చుబడవచ్చు కనుక, అపిక్సబాన్ వంటి మందు చివరి మోతాదు తర్వాత సాధారణంగా 72 గంటలు ఆగుతారు.

ఇంతవరకు చెప్పింది చదివి, అయితే అన్నీ ముందే ఆపేస్తే పోతుంది కదా అని ఎవరైనా అనుకుంటే, నా వాదనలో సగమే వారికి చేరినట్టు. దేనికైనా మంచిదని ఏ మందయినా వారం రోజులు ఆపమనే అలవాటు చాలాచోట్ల ఉంది. దాన్ని జాగ్రత్త అని పిలవడానికి నేను ఒప్పుకోను. రక్తస్రావం ఆపరేషన్ బల్ల మీద, చేసేవారి కళ్ళ ముందే జరుగుతుంది. మందు ఆపినందువల్ల వచ్చే పక్షవాతం పది రోజుల తర్వాత ఇంట్లో, స్నానాల గదిలో, ఇంకెవరి కళ్ళ ముందో జరుగుతుంది. అప్పుడు ఆ మనిషిని వేరే విభాగంలో, వేరే డాక్టరు చూస్తారు. ఆపమన్న వారికి ఆ కబురు చేరకపోవచ్చు కూడా. కనిపించే ప్రమాదానికి భయపడి కనిపించని ప్రమాదాన్ని పెంచుకోవడం మనుషులందరిలో ఉన్న బలహీనతే, కానీ దాని భారం మోసేది రోగి.

అందుకే ఆ మందు ఎందుకు వాడుతున్నారన్నది అంత ముఖ్యం. గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడుతున్నవారిని తీసుకుంటే, ఆ ఐదు రోజుల ఖాళీలో గడ్డలు కట్టకుండా చూసే హెపారిన్ జాతి ఇంజెక్షన్లు ఇచ్చి వంతెన కట్టడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. 2015లో వచ్చిన బ్రిడ్జ్ అధ్యయనంలో 1,884 మందిని రెండు గుంపులు చేసి చూస్తే, ఇంజెక్షన్లు ఇవ్వనివారిలో గడ్డల ప్రమాదం 0.4 శాతం, ఇచ్చినవారిలో 0.3 శాతం, పెద్ద రక్తస్రావం మాత్రం ఇవ్వనివారిలో 1.3 శాతం ఉంటే, ఇచ్చినవారిలో 3.2 శాతం. అంటే వారిలో చాలామందికి ఆ వంతెన మేలు చేయలేదు, కీడు చేసింది. కానీ ఈ ఫలితాన్ని పట్టుకుని గుండెలో లోహపు కవాటం ఉన్న మనిషికి అదే సూత్రం వర్తింపజేస్తే ఘోరం జరగవచ్చు, ఆ అధ్యయనంలో అలాంటివారిని చేర్చుకోలేదు. గత మూడు నెలల్లో కాలి సిరలో గడ్డ వచ్చినవారికి, వాయిదా వేయగల ఆపరేషన్‌ను వాయిదా వేయడమే ఉత్తమం. ఈమధ్యనే స్టెంట్ వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఒకేసారి మానేస్తే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. క్లోపిడోగ్రెల్ ఆపవలసి వస్తే ఐదు రోజుల ముందు ఆపమంటారు. ప్లేట్‌లెట్ బతికేది వారం పది రోజులే కాబట్టి, ఆలోగా మందు తగలని కొత్త కణాలు తగినన్ని పుడతాయి. అయితే ఆ నిర్ణయం స్టెంట్ వేసిన డాక్టరుతో మాట్లాడకుండా ఎవరూ తీసుకోకూడదు, రోగి సొంతంగా అసలే తీసుకోకూడదు. ఇక కంటిలో శుక్లం తీయడం, ఒకటి రెండు పళ్ళు తీయడం, చర్మం మీది చిన్న కోతలు వంటివాటికి చాలాసార్లు ఏ మందూ ఆపనక్కరలేదు. అక్కడ రక్తాన్ని అదిమి ఆపవచ్చు.

మా అనుభవంలో రెండో అంకం ఇక్కడే మొదలైంది. వాయిదా తర్వాత, రెండు పూర్తి రోజులు మందు ఆపించి, పాలిప్ తీశారు. అంతా సవ్యంగా జరిగింది. ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితంలో "అపిక్సబాన్ ఆపవలెను" అన్న పాత సూచన అలాగే ఉండిపోయింది. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో లేదు. నాన్నగారు డాక్టరు మాట జవదాటని మనిషి. ఆపమన్నారు, ఆపారు. ఆరో రోజున ఆయన మందుల డబ్బా సర్దుతూ, అపిక్సబాన్ అట్ట తరగకుండా అలాగే ఉండడం నేను గమనించాను. ఫోను చేస్తే, మూడో రోజు నుంచే వేసుకుని ఉండవలసిందన్నారు. ఏమీ కాలేదు. కానీ ఆ మూడు రోజులు ఆయన గుండెకు ఏ రక్షణా లేకుండా గడిచాయన్న ఊహ ఇప్పటికీ నన్ను స్థిమితంగా ఉండనివ్వదు.

మొదలుపెట్టే రోజును నిర్ణయించడం సులువని నేను అనడం లేదు. పాలిప్ తీసిన చోట రెండు వారాల వరకు కూడా రక్తస్రావం మొదలుకావచ్చు. వార్ఫరిన్ నెమ్మదిగా పనిలోకి దిగుతుంది కాబట్టి చాలాసార్లు ఆ రాత్రే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అపిక్సబాన్ కొన్ని గంటల్లోనే పూర్తి బలంతో పనిచేస్తుంది కనుక, పెద్ద కోత తర్వాత రెండు మూడు రోజులు ఆగుతారు. పాత మందుకు అలవాటుపడిన చేయి కొత్త మందుకు అదే సూచన రాస్తే రక్తం పోవచ్చు, అసలు రాయకపోతే గడ్డ కట్టవచ్చు. ఇంత సున్నితమైన నిర్ణయాన్ని రోగి ఊహకు వదిలేయడం నాకు ఏ విధంగానూ సమంజసంగా కనిపించదు. ఆపే తేదీ రాసిన చేతితోనే మొదలుపెట్టే తేదీ కూడా రాయించుకోవడం రోగి హక్కు అని నేను నమ్ముతున్నాను. ఆ తేదీ తర్వాత మారితే మారవచ్చు. ఖాళీగా మాత్రం ఉండకూడదు.

ఇంటివారిగా మేము చేయగలిగింది కొంత ఉందని కూడా అప్పుడే అర్థమైంది. ఆ వారమే ఒక అట్టముక్క మీద నాన్నగారి మందు పేరు, మోతాదు, వేసుకునే వేళలు, ఎందుకు వాడుతున్నారో, రాసిన డాక్టరు ఎవరో, చివరి క్రియాటినిన్ ఎంతో రాసి, కింద రెండు గళ్ళు గీశాను. ఒకటి చివరి మాత్ర వేసుకున్న రోజు, గంట. రెండోది మళ్ళీ మొదలుపెట్టే రోజు, గంట. మొదటి గడి అత్యవసరానికి కూడా కావాలి. ప్రమాదం జరిగి వెంటనే ఆపరేషన్ చేయవలసి వస్తే, విరుగుడు ఇవ్వాలో అక్కరలేదో తేల్చడానికి వైద్యులు మొదట అడిగేది చివరి మాత్ర వేళే. వార్ఫరిన్‌కు విటమిన్ కె, గడ్డకట్టే కారకాల గాఢ ద్రావణం ఉన్నాయి. డాబిగాట్రాన్‌కు 2015 నుంచి ఇడరుసిజుమాబ్ అనే ప్రత్యేక విరుగుడు ఉంది. ఏ విరుగుడైనా మందు పేరు తెలిస్తేనే పనికొస్తుంది.

పోయిన నెల నాన్నగారికి నాలుగు పళ్ళు ఒకేసారి తీయవలసి వచ్చింది. దంతవైద్యురాలు అట్టముక్కను రెండు వైపులా చదివి, గుండె డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి, ఆ ఒక్క ఉదయం మాత్ర మానేయమన్నారు. ఐఎన్‌ఆర్ అడగలేదు. పళ్ళు తీసి, కుట్లు వేసి, దూది అదిమి, రక్తం ఆగిందని తన కళ్ళతో చూసుకునేదాకా ఆయనను కుర్చీలోనే కూర్చోబెట్టారు. తర్వాత పెన్ను తీసుకుని రెండో గడిలో "ఈ రోజే, రాత్రి 8 గంటలకు" అని రాశారు. ఎనిమిదింటికి నాన్నగారు మాత్ర వేసుకున్నారు.